నాన్న పెట్టిన తెల్ల చుక్కలు

ఏదీ, ఆ ఫోను ఇలా తే. ఊఁ... చూశానులే. బాగుంది. రంగేమిటో నువ్వే చెప్పు, నీ నోటితో వినాలనుంది. పసుపా? పసుపంటే ఎలాంటి పసుపురా, బాగా పండిన నిమ్మకాయలా ఉందా? అయితే ఇంకేం, నువ్వు కొంటానంటున్న ఈ కారు, ఒకప్పుడు మా షెడ్డుకి వచ్చేదానికి తోడబుట్టిందే అయ్యుంటుంది. నవ్వకు. నేలకి అంటుకుపోయినట్టుంటుంది, ఎక్కడం కాదు, అందులోకి దిగాలి, ఇంజను వీపు వెనకాల ఉంటుంది. అదేనా? సరే. ఎన్నాళ్లుగా వాళ్ల షెడ్డులో పడుందట? చూశావా, నువ్వేమో "అసలు తిరగలేదు మామ్మా, కొత్తదానిలా ఉంది" అని మురిసిపోతున్నావు, నాకేమో ఆ మాటే నచ్చట్లేదు. తిరిగే బండిని తిరుగుడు పాడుచేస్తుంది, అది కంటికి తెలుస్తుంది, చెవికి తెలుస్తుంది. నిలబడ్డ బండిని ఏది పాడుచేస్తుందో ఎవరికీ తెలియదు. లోపల రబ్బరు ఎండిపోతుంది, పెట్రోలు గొట్టాలు గోరు తగిలితే పగిలేలా అయిపోతాయి, పైన మాత్రం నిగనిగా మెరుస్తూనే ఉంటుంది. మీ తాతయ్య ఉంటే ఈ మాట నీకు ఇంకా బాగా చెప్పేవాడు. మా అన్నయ్య. అంత పొడుగు మనిషి, అంత పనితనం ఉన్నవాడు, ఆ నిమ్మపండు కారు షెడ్డులోకి వచ్చిందంటే మాత్రం అన్నం మెతుకు సహించేది కాదు.

కూర్చో, చెబుతాను. ఆ కుర్చీ కాదు, అది ఊగుతుంది. కారు పళ్ల డాక్టరు గారిది. ఊళ్లో అలాంటిది అదొక్కటే. ఆయన నోట్లో చెయ్యి పెడితే పిల్లలు కూడా ఏడిచేవారు కాదుట, అంత మెత్తటి మనిషి, అలాంటాయనకి ఈ రాక్షసి మీద మోజేమిటో. వాళ్లావిడ మా షెడ్డుకి వచ్చినప్పుడల్లా అనేది, "మీ డాక్టరు గారికి ఇంట్లో నా మీద అరిచే ధైర్యం లేదు, ఆ ముచ్చట ఈ కారు తీరుస్తోంది" అని. నిజమే, ఆ కారు గొంతు అలా ఉండేది. వీధి మొదట్లో ఉండగానే మా మేడ మీద కిటికీ అద్దాలు గలగలమనేవి, నాకు అప్పుడు నీ వయసే కదా, ఎక్కడికో తీసుకుపోవడానికి ఎవరో వస్తున్నట్టుండేది. ఎవరూ రాలేదులే. డాక్టరు గారే వచ్చేవారు. కింద షెడ్డు, పైన ఇల్లు. నాన్న మేస్త్రీ, అన్నయ్య ఆయన కుడిభుజం, నేను గాస్కెట్లు కోసేదాన్ని. ఇంజను మూతల మధ్య నూనె కారకుండా పెట్టే మందపాటి కాగితం అది. బయట దొరికేది కాదు, మూతని కాగితం మీద పెట్టి గీసి కత్తెరతో కొయ్యడమే. నా చేతి కోత మీద ఒక్క చుక్క నూనె బయటికి రాలేదని నాన్న అందరికీ చెప్పుకునేవాడు. ఇది గుర్తు పెట్టుకో, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఆ ఇంజను లోపల ఒక రబ్బరు బెల్టు. దానికి లోపలివైపు పళ్లు. "పళ్ల డాక్టరు కారుకి పళ్ల బెల్టు" అని వీధిలో అందరూ ఒకటే జోకు, విని విని మాకు విసుగు. పైన వాల్వులు, కింద పిస్టన్లు. ఒకటి దిగుతున్నప్పుడు ఇంకోటి తప్పుకోవాలి, ఇరుకు సందులో ఎదురుపడ్డ మనుషుల్లాగ. ఎవరు ఎప్పుడు తప్పుకోవాలో చెప్పేది ఆ బెల్టే. అది తెగినా, రెండు పళ్లు పక్కకి జరిగినా సరే, రెండూ గుద్దుకుంటాయి, ఇంజను కాస్తా గుప్పెడు ఇనప తుక్కు. తిరిగినా తిరక్కపోయినా కొన్నేళ్లకోసారి దాన్ని మార్చి తీరాలి. మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి. వేరే దారి లేదు, చెయ్యి పట్టే సందు కూడా ఉండదు. గొలుసులకి వేలాడుతూ ఆ ఇంజను కారు కడుపులోంచి దిగుతుంటే, అన్నయ్య దాని కింద చేతులు పట్టుకుని నిలబడేవాడు, పడితే పట్టుకునేవాడిలాగ. అది పడితే వాడు అప్పడం. తెలుసు వాడికి. అయినా నిలబడేవాడు.

పాత బెల్టు తియ్యబోయే ముందు, పళ్ల చక్రాల మీద, వాటి పక్కనున్న ఇనుము మీద, ఎదురెదురుగా తెల్ల రంగుతో చుక్కలు పెట్టాలి. ఎందుకంటే బెల్టు ఊడగానే చక్రాలు వాటంతటవే కాస్త తిరిగిపోతాయి. కొత్తది వేసేటప్పుడు చుక్కకి చుక్క కలిపితే ఎక్కడివి అక్కడికి వస్తాయి. కంపెనీ వాడి గీతలు ఉండాల్సిందే గానీ, మా దగ్గరికి రాకముందు ఎవడో వాటిని రుద్ది రుద్ది చెరిపేశాడు. ఆ చుక్కలు పెట్టడం మా షెడ్డులో నాన్న పని. సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అన్నయ్యకి పెళ్లయి, మీ నాన్న పుట్టాక కూడా అంతే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, బెల్టు వేశాక వెంటనే తాళం తిప్పి స్టార్టు చెయ్యకూడదు. ముందు పానా పట్టుకుని ఇంజనుని చేత్తో తిప్పాలి, మెల్లగా, రెండు చుట్లు. లోపల ఏదైనా తగిలితే చెయ్యి ఆగుతుంది, ఆగిన చోట ఆగిపోతే ఏమీ విరగదు. తాళానికి ఆ తెలివి లేదు, అది ఒక్క గుంజు గుంజేస్తుంది.

ఆ ఏడు నాన్న మారాడు. ఎలా మారాడంటే... ఆ, పేపరు. పొద్దున్నే పేపరు తెచ్చి నా ఒళ్లో పడేసి, "నువ్వు చదువమ్మడూ, నీ గొంతుతో వింటే బాగుంటుంది" అనేవాడు. నేను మురిసిపోయి చదివేదాన్ని. గోడకి పానాలన్నీ మేకులకి వేలాడుతుండేవి, ఏది కావాలన్నా చెయ్యి చాచి సరిగ్గా అదే తీసేవాడు, ఇంకెవరికి అనుమానం వస్తుంది చెప్పు. ఆసారి కూడా చుక్కలు ఆయనే పెట్టాడు. కాస్త ఎక్కువసేపు పట్టింది. మధ్యలో వేలితో చక్రం పళ్లు తడుముతున్నాడు. అన్నయ్య పక్కనే దీపం పట్టుకుని నిలబడి చూశాడు, ఒక చుక్క కొంచెం పక్కకి పడినట్టు అనిపించిందట. కానీ నాన్న చుక్క తప్పని ఎవరంటారు, అదేదో పొద్దు పడమట పొడిచిందన్నట్టు. తన కన్నే చెదిరిందనుకున్నాడు. పాత బెల్టు తీశారు, అన్నీ కడిగారు, చుక్కకి చుక్క కలిపి కొత్తది ఎక్కించారు.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారు, వాళ్లావిడ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఇంజను ఇంకా స్టాండు మీదే ఉంది, అక్కడే ఒకసారి స్టార్టు చేసి చూసి, సాయంత్రానికి కారులో ఎక్కించేద్దామని. మర్నాడు ఇద్దరూ కొండదారిలో వెళ్లాలిట, ఆవిడ అమ్మగారింటికి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఆ మలుపుల్లో ఇంజను పట్టేస్తే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి, ఇక ఆ కారు ఎటు పోతుందో దానిష్టం. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "మంటలవీ రావుగా అమ్మాయ్" అంది. చేతులు చల్లగా ఉన్నాయి. నేను పెద్ద ఆరిందాలా, మా నాన్న చేతి పని అండీ, అన్నాను.

అన్నయ్య పానా వేసి తిప్పడం మొదలుపెట్టాడు. సాఫీగా వచ్చింది, వచ్చింది, సగం చుట్టు కాగానే ఆగింది. చప్పుడు కూడా పెద్దగా లేదు, గోరుతో గాజు మీద కొట్టినంత. వాడు వెనక్కి తిప్పి మళ్లీ వచ్చాడు. మళ్లీ అక్కడే. వాడి మొహంలో రంగు పోవడం నేను అవతలి నుంచి చూశాను, చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాన్న కుర్చీలోంచే, "ఏమిట్రా ఆగావు, కొత్త బెల్టు బిగువుగానే ఉంటుంది, కాస్త బలం పెట్టు. లేకపోతే వదిలెయ్, తాళం తిప్పు, అదే సర్దుకుంటుంది" అన్నాడు. మా నాన్న నోట ఆ మాట! చేత్తో తిప్పకుండా తాళం ముట్టుకున్నందుకు ఒకసారి అన్నయ్య చెంప పగలగొట్టిన మనిషి. అప్పుడు అర్థమైంది వాడికి, నాన్న భయపడుతున్నాడని. వాడి జన్మలో నాన్న భయపడగా చూడలేదు. ఆ ఇనప ముక్క ఆగడం కన్నా అదే వాడిని ఎక్కువ వణికించిందని నాతో తర్వాత అన్నాడు. తాళం తిప్పితే ఇంజను పోతుంది, విడిభాగాలు సముద్రం దాటి రావాలి, అవీ వస్తాయో రావో. తిప్పనంటే ఆ ఇద్దరి ముందు నాన్న చుక్క తప్పు అన్నట్టే.

వాడు లేచి నాన్న దగ్గరికి వచ్చాడు. నూనె గుడ్డ చేతిలోనే ఉంది. ఆ గుడ్డని నాన్న మొహానికి జానెడు దూరంలో ఇటూ అటూ ఆడించాడు. నాన్న రెప్ప వెయ్యలేదు. ముక్కు కాస్త ఎగబీల్చి, "ఫ్యాను ఎవరు వేశారు?" అన్నాడు.

ఫ్యాను వెయ్యలేదురా. ఆ రోజు మాకు కరెంటే లేదు.

నేను చూశాను. డాక్టరు గారు ఏదో కబుర్లలో ఉన్నారు, చూడలేదు. అన్నయ్య ఏం చేశాడో తెలుసా, అరవలేదు, ఏడవలేదు. వంగి, "నాన్నా, నా చేతికి సరిగ్గా తెలియట్లేదు, ఒక్కసారి మీరు తిప్పి చూడండి" అని చెయ్యి పట్టుకుని లేపాడు, ఏదో మర్యాద చేస్తున్నట్టు తీసుకొచ్చి పానా ఆ చేతిలో పెట్టాడు. నాన్న తిప్పాడు. ఆగిన చోట ఆగాడు. అక్కడ చెయ్యి అలాగే ఉంచి, చాలాసేపు, నాడి చూసేవాళ్లలా ఉండిపోయాడు. కళ్లు పోయాయేమో గానీ ఆ చెయ్యి అబద్ధం చెప్పదు కదా, ఆయనకైనా. షెడ్డంతా ఆయన నోటి మాట కోసం చూస్తోంది. అప్పుడు గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు. "ఇంజను బాగానే ఉంది డాక్టరు గారూ. మా అమ్మాయి గాస్కెట్టు వంకరగా కోసింది. మొత్తం విప్పాలి."

నేనా? నేనేమంటాను. "అవునండీ, నాదే పొరపాటు" అన్నాను. డాక్టరు గారు నవ్వేశారు, వాళ్లావిడైతే ప్రయాణం ఆగిందని నన్ను ముద్దుపెట్టుకోబోయింది. అన్నయ్య మాత్రం తల ఎత్తలేదు. తర్వాత వాడే ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి ఊచ దించి, పిస్టను ఎక్కడుందో కొలుచుకుంటూ, మొదటినుంచీ అన్నీ చూసుకుని, చుక్కలు వాడే పెట్టాడు. ఆ కారు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ కొండ ఎక్కి దిగింది. డాక్టరు గారు మాత్రం చివరిదాకా నన్ను వదల్లేదు, ఎక్కడ కనిపించినా "ఏమ్మా, కాగితం తిన్నగా కోస్తున్నావా" అనడమే. నవ్వేదాన్ని. నాన్న ఆ సంగతి నాతో మళ్లీ ఎత్తలేదు. కానీ ఆయన పోయేదాకా ప్రతి ఇంజనుకీ ఆఖరున అన్నయ్య ఆయన్ని లేపి, పానా చేతికిచ్చి, "మీరు చూడండి నాన్నా" అనేవాడు. ఆయన తిప్పి, ఊఁ అనేవాడు. అప్పుడే తాళం.

అయితే ఆ రోజు నుంచి భయం అన్నయ్యకి అంటుకుంది. నాన్నకి వాళ్ల అమ్మ నుంచి వచ్చిందిట ఆ కళ్ల జబ్బు, ఎవరో చెప్పారు వాడికి. ఇక పొద్దున్న లేవగానే షెడ్డు గుమ్మంలో నిలబడి ఎదురుగా మంగలి షాపు బోర్డు చదువుకోవడం, పైకే, ప్రతి అక్షరం. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి. మంగలతను "అయ్యా, రేటు మారలేదు, లోపలికి రండి" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. జుట్టు నెరిసినా మానలేదు. చిత్రం చూడు, మీ తాతయ్య కళ్లు ఆఖరి రోజుదాకా అద్దాల్లా ఉన్నాయి. గుండె తీసుకుపోయింది వాడిని, కళ్లు కాదు. అంత భయం ఊరికే వృథా అయింది. వాడికి తగలాల్సింది ఎటు పోయిందో మరి.

అందుకే చెబుతున్నా, ఆ పసుపు పిల్లని చూసి మోజుపడి తాళం తిప్పించకు. బెల్టు ఎప్పుడు మార్చారో అడుగు, ఎవరు మార్చారో అడుగు, చెప్పలేకపోతే ఉన్నచోటే ఉండనీ. చేత్తో తిప్పి చూసే మనిషిని వెతుక్కో. కావాలంటే నన్ను తీసుకెళ్లు, నా చెయ్యి ఇంకా... ఏమిటి? లేదే, ఫోను చూశానని చెప్పానుగా. పసుపు, పండిన నిమ్మకాయ రంగు, నువ్వే కదా చెప్పావు. ఇదుగో, ఏమిట్రా మాట్లాడవు? ఎక్కడున్నావు, ఆ కుర్చీలోనేనా? ఈ చలిలో ఫ్యాను ఎందుకు వేశావు, మొహానికి కొడుతోంది...

వెయ్యలేదా.

మీ నాన్నతో అనకు. అడిగితే, కిటికీ రెక్క సరిగ్గా పడట్లేదని చెప్పు.