మూత మీద పేరు

అరిటాకులా? ఈసారి నాకు అరిటాకులు రాశారా వదినగారూ?

ఏదీ, ఆ కాయితం ఇలా ఇవ్వండి. సీతారావమ్మగారు చక్కెర పొంగలి. మీరు పులిహోర. ఆవిడెవరో కొత్తగా వచ్చిన టైపిస్టు భార్య, వంకాయ కూర. అట్టడుగున నేను. సామ్రాజ్యం, అరిటాకులు, అరవై. బాగానే ఉంది. ఎవరో ఒకరు తేవాలిగా మరి.

కూర్చోండి. మంచం మీద ఉతికిన బట్టలున్నాయి, ఆ కుర్చీ లాక్కోండి. కాఫీ పెడతానుండండి. వద్దా? అవునవును, కార్తీక సోమవారం, ఉపవాసం కదూ. పోయినేడాది ఈ లిస్టు పట్టుకొచ్చింది మంగళవారం. ఆ రోజు కడుపులో బాగోలేదన్నారు. అంతకు ముందేడు ఇప్పుడే తాగొచ్చానన్నారు. సరే లెండి, గుర్తుండిపోయి అన్నాను గానీ, దెప్పడానికి కాదు.

నా పని తగ్గిద్దామని రాశారా? పిల్లతో అవస్థ పడుతున్నానని? మా రూతుకి ఎనిమిదేళ్లండి. దాని జడ అదే వేసుకుంటోంది. ఇంకా అవస్థేంటి?

కోపం లేదు వదినగారూ. ఉంటే బాగుండేదేమో. అరగంట మఠం వేసుక్కూర్చుంటే కాలు తిమ్మిరెక్కదూ, గిల్లినా తెలియదు చూడండి, అలా ఉంటుంది నాకు ఈ కార్తీకం వచ్చిందంటే.

అసలు మా ఆయనకి ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజేదో తెలుసా మీకు? క్రిస్మస్ అనుకుంటారు. కాదు. మీ వనభోజనాలు. దసరా సెలవులు అయిపోయిన దగ్గర్నుంచీ మొదలు. హౌసీ చీటీలు ఆయనే గీస్తారు. కుర్చీలాటకి టేప్ రికార్డరు ఆయనే మోస్తారు. విజిల్ కొనుక్కున్నారండి, ముప్పై నాలుగేళ్ల మనిషి. బస్సు మాట్లాడ్డం, గాడిపొయ్యికి గడ్డపార అడిగి తేవడం, అన్నీ ఆయనే. కాలువల ఆఫీసులో ఆనందంగారు లేకపోతే వనభోజనమే లేదని మీవారే అన్నారట. ఆ మాట ఇంటికొచ్చి నాకు నాలుగుసార్లు చెప్పారు.

ఏడాదిలో ఆ ఒక్క ఆదివారమే ఆరాధన మానేది. చర్చిలో అయ్యగారు అడిగితే ఆఫీసు పనండి అంటారు. పాటల గుంపులో ఆయన గొంతు లేకపోతే తెలిసిపోతుంది. అయినా మానేస్తారు.

మామూలు ఆదివారాలు ఆరాధన అయ్యాక మేం ముగ్గురమే షికారు వెళ్తాం. లూనా మీద. రూతు ముందు నిలబడుతుంది, నేను వెనకాల క్యారియరు ఒళ్లో పెట్టుకుంటా. అంగలకుదురు దాటి కాలువ గట్టు పట్టుకుని, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ ఆపేస్తాం. వానలు తగ్గాక గట్టు ఎంత పచ్చగా ఉంటుందండి. కోడిగుడ్లూ, టమాటా పచ్చడీ, చద్ది పెరుగన్నం. రూతు కాలువలో కాళ్లు పెట్టి కూర్చుంటే నేను కొంగు పట్టుకున్నట్టు దాని గౌను పట్టుకుని కూర్చుంటా. క్యారియరు అడుగు దాకా ఊడ్చుకుని తింటాం. అదీ షికారే కదా? ఆయనకి మాత్రం చాలదు. అరవై మందిలో కూర్చుని తినాలి ఆయనకి.

మొదటేడు సూర్యలంక వెళ్లాం, గుర్తుందా? అక్కడ ఇసకలో ఉసిరిచెట్టు ఎక్కడుంటుంది? మీవారు బాపట్లలో ఓ ఉసిరి కొమ్మ కొట్టించి తెచ్చి సరుగుడు చెట్టుకి కట్టారు. ఆ పూటకి అదే ఉసిరిచెట్టు. అందరూ పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. మేం ఓ పక్కగా నిలబడ్డాం. ఎవరూ ఏమీ అనలేదు. మంచివాళ్లండి మీరంతా, అబద్ధమెందుకు.

అరవై మందికి పులిహోర ఒకళ్లు చెయ్యలేరని మనిద్దరికీ చెరి సగం రాశారు. తెల్లారగట్ల లేచి చేశాను. సీతారావమ్మగారు వడ్డన. మీ గిన్నె తీశారు. నా గిన్నె మూత మీద చెయ్యేసి, మీది తర్వాత తీద్దాం లెండి సామ్రాజ్యం, ముందు ఇది అవ్వనివ్వండి, అన్నారు. మీది అయిపోయింది. పెరుగు వచ్చింది. అందరూ చేతులు కడిగేశారు. అయ్యో, మీది తీయనే లేదే, అన్నారావిడ. ఎంత నొచ్చుకున్నారో పాపం.

మా ఆయన అక్కడ లేరు. మగాళ్లకి తాడు లాగుడు పోటీ పెడుతున్నారు.

రూతుకి అప్పుడు ఐదేళ్లు. అమ్మా, మన గిన్నె ఎవరూ తీయలేదేంటి, అంది. ఎక్కువ చేశానమ్మా, అన్నాను. అలలు చూపిస్తానని దాన్ని తీసుకుని సరుగుడు తోట అవతలికి వెళ్లి, ఇసక తవ్వి, మొత్తం పూడ్చేశాను. రెండు కేజీల బియ్యం పులిహోర. కుక్కలొచ్చాయి. గిన్నె సముద్రం నీళ్లతో కడుక్కుని వచ్చాను. బస్సులో మా ఆయన మూత తీసి చూసి, ఒక్క మెతుకు మిగల్లేదే, అని నా వంక ఎంత గొప్పగా చూశారో. ఏం చెప్పమంటారు ఆ మనిషికి?

రెండో ఏడు రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున సపోటా తోటలో. మళ్లీ అదే. తర్వాత తీద్దాం లెండి. ఈసారి పూడ్చలేదు. మా పుట్టిల్లు అక్కడే కదా, అమ్మని చూసొస్తానని రిక్షా ఎక్కాను. మా అమ్మ అచ్చమ్మ మూత తీసి చూసింది. ఏంటని అడగలేదండి. చుట్టుపక్కల నాలుగిళ్లకీ పంచి, తను ఓ ముద్ద నోట్లో వేసుకుని, ఆవ సరిగ్గా పడింది, అంది. గిన్నె తోమి బోర్లించి ఇచ్చింది. నా రిక్షా మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడే ఉంది.

ఇక పోయినేడు. తుఫానుకి సూర్యలంకలో సరుగుడు చెట్లన్నీ పడిపోయాయని అమృతలూరు వైపు మామిడి తోటకి వెళ్లాం కదా. అప్పటికి మనిద్దరం కలిసే కొన్నాం ఆ స్టీలు గిన్నెలు. తెనాల్లో గిన్నెల కొట్టుకి మీరే తీసుకెళ్లారు. ఒకటే సైజు, ఒకటే రకం. కొట్టతను పేర్లు మూతల మీద కొట్టాడు, గిన్నెల మీద కొట్టలేదు. మీరు అప్పుడే, పద్మావతిగారూ అని కాదు, వదినగారూ అని పిలువు సామ్రాజ్యం, మనలో మనకి గారెందుకు, అనలేదూ? ఒక గారు తీసి ఇంకో గారు పెట్టారు. నవ్వండి, పర్లేదు.

చెబుతున్నా వినండి. కంగారు పడకండి, మించిపోయిందేం లేదు.

గిన్నెలన్నీ ఉసిరిచెట్టు కింద దుప్పటి మీద వరసగా పెట్టారు. ఆడవాళ్లంతా దీపాలు పెట్టుకోవడానికి చెట్టుకి అటు వైపు వెళ్లారు. నేను ఇటు వైపే కదా ఉండేది. మీ గిన్నె, నా గిన్నె పక్కపక్కనే ఉన్నాయి. మూతలు మార్చేశాను.

ముందే అనుకున్నది కాదండి. ప్రమాణపూర్తిగా. కసీ లేదు, భయమూ లేదు. దుప్పటి మీద చీమ కనబడితే దులుపుతాం చూడండి, అంత మామూలుగా చేశాను.

సీతారావమ్మగారు పద్మావతి అని ఉన్న మూత చూసుకుని తీశారు. వడ్డించారు. అందరూ తిన్నారు. మారు అడిగి వేయించుకున్నారు. మీవారు మూడుసార్లు. సామ్రాజ్యం అని ఉన్న మూత మీద చెయ్యేసి, మీది తర్వాత తీద్దాం లెండి, అన్నారు నాతో. సరేనండి, అన్నాను. మీరు ఏకాదశి నాటి నుంచి నియమంతో ఉండి, తలంటు పోసుకుని, తడిబట్టతో చేసిన పులిహోర అది. ఒక్కళ్లు ముట్టుకోలేదు.

ఏంటండీ, అలా చూస్తారు? మీకు తెలియనట్టు.

మొదటి ముద్దకే తెలిసింది మీకు. నేను ఎదురుగానే ఉన్నాను, నీళ్లు పోస్తూ. మీరు ఆవ వెయ్యరు. అల్లం వెయ్యరు. మీది ఇంగువ, జీడిపప్పు. మీ చేయి ఆకు మీద ఆగింది. తలెత్తి నా వంక చూశారు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేచి వాంతి చేసుకుంటారు, రచ్చ అవుతుంది, మా ఆయన విజిల్ మెళ్లో వేసుకుని పరిగెత్తుకుంటూ వస్తారు, అనుకున్నాను. ఆ క్షణంలో మాత్రం తిమ్మిరి వదిలిందండి నాకు.

మీరు లేవలేదు. రెండో ముద్ద పెట్టుకున్నారు. తర్వాత ఇంకొంచెం వేయించుకున్నారు.

సీతారావమ్మగారు అడిగారు కదా, పద్మావతీ, ఈసారి ఏదో కొత్త రుచి ఉంది, ఏం కలిపావు, అని? ఏం చెప్పారు మీరు? కాస్త ఆవా అల్లం నూరి పెట్టానక్కయ్యా, మా అత్తగారి పద్ధతి, అన్నారు. రేపల్లెలో మా అచ్చమ్మ ఒక్క మాటతో మీ అత్తగారైపోయింది.

ఆ రోజు మిమ్మల్ని మెచ్చుకున్నాను వదినగారూ. నిజంగా. నేను మూత ఒకటే మార్చాను. మీరు అత్తగారినే మార్చేశారు.

సర్దుకునేటప్పుడు ఎవరి పేరు చూసుకుని వాళ్లు తీసుకున్నాం. అంటే మీ పులిహోర, మీ గిన్నెతో సహా మా ఇంటికొచ్చింది. మా ఆయన అడిగితే, మనది ఖాళీ అయితే పద్మావతి వదినగారు వాళ్లది మిగిలింది పెట్టి ఇచ్చారు, అన్నాను. రాత్రి దాంతోనే సరిపెట్టాను. చూశావా ఎంత అభిమానమో, అంటూ తిన్నారు. ఉప్పు ఒక రవ్వ తక్కువైంది గానీ, ఇంకేం వంక లేదు.

నా గిన్నె ఏడాదిగా మీ వంటింట్లోనే ఉంది. నమ్మకపోతే ఇంటికెళ్లి తిప్పి చూడండి. అడుగున చిన్న సొట్ట ఉంటుంది. రూతు పంపు దగ్గర పడేసింది దాన్ని. ఇప్పుడు మీరు దాంతో ఏం చేస్తారో నాకు తెలియదు. పారేసినా పర్లేదు. దేవుడి ప్రసాదం కూడా అందులోనే చేశారేమో ఇన్నాళ్లూ. ఇల్లేమీ కూలలేదు కదా.

అందుకే కదా ఈసారి ఆకులు రాశారు? నా మీద జాలితో కాదు. మళ్లీ ఎక్కడ మార్చేస్తానో అని.

మార్చనండి. మార్చేదాన్నే, కానీ మార్చను. ఎందుకంటే, ఆ రోజు రూతు చూసింది. చెట్టు చాటున ఉసిరికాయలు ఏరుకుంటోందట, నాకు కనబడలేదు. ఇంటికొచ్చాక పక్కలో చెప్పింది. అమ్మా, అందరూ మన పులిహోరే తిన్నారు కదా, అని. నాన్నకి చెప్పకు, అన్నాను. చెప్పలేదు. ఏడాది పాటు కడుపులో పెట్టుకుంది, ఇంత పిల్ల. మొన్న వాళ్ల నాన్న హౌసీ చీటీలు గీస్తుంటే నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది. అమ్మా, ఈసారి మూతలు నేను మార్చనా? నాకు పేర్లు చదవడం వచ్చుగా, అంది.

అప్పట్నుంచీ అన్నం సయించట్లేదు నాకు. ఇసక తవ్వినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. వచ్చింది గానీ ఏడవలేదు, పిల్ల చూస్తోందని.

అందుకని, రాసింది కొట్టెయ్యకండి. అరిటాకులే తెస్తాను. అరవై ఎందుకు, డెబ్బై తెస్తా, చిరిగినవి పోను. మా వెనక దొడ్లోవే. ఆకుల్ని కడుక్కుంటే సరిపోతుంది కదా, మీకూ ఇబ్బంది ఉండదు.

ఒక్కటే సాయం చెయ్యండి. రేపు ఈ కాయితం ఆఫీసులో గోడకి అంటిస్తారు. మా ఆయన చూస్తారు. చూడగానే ఆయనకి ఏం అర్థమవుతుందో, ఆ విజిల్ ఏం చేస్తారో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. మీరే పిలిచి చెప్పండి ముందు. సామ్రాజ్యానికి ఒంట్లో నలతగా ఉందట, పులిహోర ఈ ఏడాదికి వద్దని తనే బతిమాలింది, మీ ఇంటి పులిహోర లేని లోటు లోటేనండి, అని. నేను చెబితే నా మొహం చూసి కనిపెట్టేస్తారు.

మీరైతే నమ్మేట్టు చెబుతారు. పోయినేడాది విన్నాగా.