వరదకు అందని ఇల్లు

ఫ్లోరెన్స్ పాతబస్తీలో, సెలవులకు వారం కిరాయికి తీసుకున్న ఇల్లు. లిఫ్టు లేదు. మూడో అంతస్తు మెట్ల మీద సవరమ్మ కూలబడిపోయింది. సూట్‌కేసు మోస్తున్న కూతురు పైమెట్టు మీద ఆగింది.

“ఇంకెన్ని అంతస్తులు, బ్లెస్సీ?”

“రెండు. కింద తోట ఉన్న ఇల్లు చూపిస్తే వద్దన్నవ్ గదా అమ్మా!”

“పక్కనే నది అన్నవ్. బూర్గంపాడుదాన్ని, గోదారి ఇంట్లకొస్తే అటక మీద పండుకున్నదాన్ని. కింది ఇల్లు ఎట్ల తీసుకోనిస్తనే?”

“ఇక్కడ గోదారి లేదమ్మా.”

“నాకు మోకాళ్లు గూడ లేవు. వరదొస్తే పైన ఉండాలె అనుకున్న గానీ, వరద రాని రోజు పైకెట్ల ఎక్కాలె అనుకోలే. నా తెలివికి దండం పెట్టాలె!”

“నవ్వియ్యకమ్మా, సూట్‌కేసు జారుతది.”

ఎట్లాగో పైకి చేరి, సవరమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

“ఇదేనా నది?”

“అవ్, ఇదే.”

“మన కిన్నెరసాని అంత గూడ లేదు గదనే! దీనికి భయపడా నేను ఇన్ని మెట్లెక్కింది?”

“కింది ఇల్లు ఖాళీ ఉందేమో అడగనా మరి?”

సవరమ్మ మళ్లీ చూసింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

“అడుగుదువు గానీ, ముందు ఆ సూట్‌కేసు నేల మీద పెట్టకు. మంచం మీద పెట్టు.”