జ్ఞానమ్మ గొంతు

2001 డిసెంబరు 25, మధ్యాహ్నం. రాజోలు దగ్గర ఒక ఊళ్లో ఎస్టీడీ బూత్. కువైట్‌కి ఇంటిపనికెళ్లిన తబిత ఫోన్ చేసే వేళ. ఆమె తమ్ముడు సుకుమార్, పిన్ని సంపూర్ణమ్మ కాచుకుని ఉన్నారు.

"నా వల్ల కాదురా సుకుమారూ. జ్ఞానమ్మక్కని మట్టిచేసి నెల తిరగలేదు. మీ అమ్మనని చెప్పుకుని నేను మాట్లాడ్డమేంట్రా, అదీ పండగ పూట!"

"సొంత అక్కే కదా పిన్నీ. మీ ఇద్దరి గొంతూ ఒకటేనని ఊరంతా అనేవారు."

"అందుకేరా నా భయం. నిన్న చర్చిలో నేను పాట ఎత్తుకుంటే పక్కింటి దేవకుమారి అక్కేననుకుని ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది."

"జలుబు చేసిందని ఒకసారి, ప్రార్థనకెళ్లిందని ఒకసారి, ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇవాళ క్రిస్మస్. అమ్మ మాట వినకుండా తబితక్క ఊరుకోదు. పాస్‌పోర్టు ఆ పనిచేసే ఇంటావిడ దగ్గరుంది, అమ్మ పోయిందని చెప్పినా రాలేదు. పరాయి దేశంలో ఒక్కత్తీ ఏ అఘాయిత్యమైనా చేసుకుంటే?"

"అలా అనకురా! ఏమని మాట్లాడను?"

"అమ్మలాగే బుల్లీ అని పిలువు. ఇంటిమీద కట్టే క్రిస్మస్ స్టార్ మాట మాత్రం ఎత్తకు. చావు జరిగిన ఇంట్లో ఆ యేడు స్టార్ కట్టరు కదా, పట్టేస్తుంది. అదిగో మోగుతోంది. తియ్యి, తియ్యి!"

"ఓరి నాయనో... హలో. ఎవరూ, బుల్లీ?"

"అమ్మా! అమ్మా, నువ్వేనా? హ్యాపీ క్రిస్మస్ అమ్మా."

"నీక్కూడా తల్లీ. ఎక్కణ్ణించే?"

"సందు చివర కొట్లోంచి. చెత్త పారేసొస్తానని చెప్పొచ్చా. పది నిమిషాల కార్డు."

"పండగ చేసుకున్నావా?"

"ఇక్కడ పండగేంటమ్మా! పొద్దున్నించీ గిన్నెలే. బాత్రూంలో కుళాయి తిప్పేసి, ఆ చప్పుడులో ఒక్క పాట పాడుకున్నా. ఏడుపొచ్చేసింది. చలి కూడా చంపేస్తోంది."

"ఎడం చెవికి గుడ్డ కట్టుకోవే. ఆ చెవి చలికి తట్టుకోదు నీకు."

"...కట్టుకుంటానమ్మా."

"పిన్నీ, ఫోను చేత్తో మూసి ఇటు చూడు. చెవి సంగతి నీకెవరు చెప్పారు? అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు, నాకే తెలీదు."

"ఏమోరా. నేననలేదు. నోట్లోంచి వచ్చేసింది."

"అమ్మా? ఉన్నావా?"

"ఆఁ, ఉన్నానే. తమ్ముడు ఏదో అడుగుతుంటేనూ..."

"బూరెలు వండావా?"

"వండాను, వండాను. పెద్ద గిన్నెడు."

"స్టార్ ఎలా ఉంది? పోయినేడు నేను కొన్న ఎర్రదే కట్టాడా తమ్ముడు?"

"స్టారా? ఈ యేడు మనం కట్టకూడదు కదే..."

"పిన్నీ!"

"అంటే... కరెంటు లేదే బుల్లీ. రేపు కట్టిస్తాను. హలో? ఏమే, వినపడుతోందా? సుకుమారూ, ఇదేంట్రా. ఏడుస్తోంది. చెడగొట్టేశాను, నా నోరు పడిపోను!"

"ఇలా ఇయ్యి. అక్కా! తబితక్కా! లైను బాలేదక్కా, అమ్మకి సరిగ్గా వినపడక..."

"తమ్ముడూ, పిన్నికియ్యి ఫోను."

"పిన్నెక్కడుందక్కా ఇక్కడ, అమ్మే కదా..."

"ఇయ్యరా."

"తల్లీ, నన్ను క్షమించవే. నువ్వు తట్టుకోలేవని..."

"ఏడవకు పిన్నీ. మన ఊరి సాలోమి ఇక్కడికొచ్చి పది రోజులైంది. అమ్మ సంగతి అప్పుడే చెప్పింది."

"అమ్మో! మరి అన్నీ తెలిసి, ఇందాకట్నించీ అమ్మా అమ్మా అంటూ..."

"తమ్ముడు ఇవాళ నిన్నే తెస్తాడనుకున్నా, నీ గొంతు వినడానికే చేశాను. ఇంకా నాలుగు నిమిషాలుంది. పెట్టెయ్యకు. మాట్లాడమ్మా."