శుక్రవారం సాంబారు

ఉప్పు రెండుతూర్లు పడింది నిజమే సార్, నేనేమన్నా కాదన్నానా? పిలకాయలు ఉమ్మేసిందీ నిజమే. వాళ్లలో ఎవరి నాయనో దాన్ని సెల్లులో తీసి గ్రూపులో పెట్టినాడంట, అదీ నిజమే అనుకోండి. అంతమాత్రానికి నన్ను దొంగను సూసినట్టు సూస్తే ఎట్ల సార్? పదకొండేండ్లుగా ఈ బడిలో వండుతాండాను. ఒక్క కంప్లైంటు యాడన్నా ఉండాదేమో ఆ రిజిస్టర్లన్నీ తిరగేసుకోండి.

ఆ స్టూలు మీద వద్దు సార్, దాని కాలు ఊగతాది. ఈ బియ్యం మూట మీద కూర్చోండి. మా హెడ్మాస్టరు భీమరావు సారు కూడా ఆడనే కూర్చుంటాడు. ఎంఈఓ అంతటాయన పుంగనూరు నుంచి ఈ ఎండలో మా వంటింట్లోకి వచ్చినారు, మజ్జిగ తాగతారా? వద్దా? సరేలెండి. ఎంక్వైరీకి వచ్చి వంటమ్మ చేతి మజ్జిగ తాగినాడంటే మీకూ మాటొస్తాది.

రుచి రిజిస్టరా? ఇదిగో సార్. వడ్డించేదానికి ముందర నేను రుచి సూసి సంతకం పెట్టాల. ఆ శుక్రవారం పెట్టినాను. 'పూలమ్మ', నా సంతకమే. పక్కనే 'బాగుంది' అని రాసిందీ నేనే. దాని కింద భీమరావు సారు సంతకం కూడా ఉండాది సూడండి. ఆ సారు రుచి సూసినాడా లేదా అని నన్ను అడగొద్దు. ఆయన సంగతి ఆయన్నే అడగండి.

అవును సార్. శుక్రవారం నాకు ఉపవాసం. మేము చర్చికి పోయేవాళ్లం కదా. పొద్దున లేచినప్పట్నుంచి సాయంత్రం పుంగనూరు చర్చిలో ప్రార్థన అయ్యేదాకా నీళ్లు తప్ప ఏదీ ముట్టను. ఏడేండ్లుగా ఒక్క శుక్రవారం తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు.

ఎవరికీ చెప్పలేదెందుకంటారా? చెప్పకూడదు సార్! ఉపవాసముంటే మొగం వేలాడేసుకోకూడదు, టముకు వేసుకోకూడదు, అది నీకూ దేవునికీ మధ్యన మాట అని మా పాస్టరయ్య చెప్తాడు. అందుకే శుక్రవారం పూట తలకు బాగా నూనె పెట్టుకుని, పెట్టెలో చీర తీసి కట్టుకుని వస్తాను. టీచరమ్మలు నవ్వుతారు, "ఏం పూలమ్మా, యాడికి పెండ్లికి పోతాండావా?" అని. నేనూ నవ్వుతాను. కడుపులో పేగులు అరస్తా ఉంటాయి, అయినా నవ్వుతాను.

ఒక్క ఆదిలక్ష్మమ్మకు మాత్రం తెలుసు. నాతోపాటు వండతాదే, ఆయమ్మ. ఆయమ్మకు సోమవారం ఒక్కపొద్దు, శివునికి. సోమవారం ఆయమ్మ బదులు నేను రుచి సూస్తాను, శుక్రవారం నా బదులు ఆయమ్మ సూస్తాది. సంతకం మాత్రం నాదే. తప్పే సార్, తప్పు కాదని అనను. ఇద్దరం ఆడోళ్లం, ఇద్దరు దేవుండ్లు, ఒక గెరిట. ఇన్నేండ్లూ ఎవురి ఆకలి వాళ్లం మోసుకుంటా పిలకాయలకు మాత్రం తక్కువ చేయలేదు.

ఆ శుక్రవారం ఆయమ్మ లేదు. బి.కొత్తకోటలో చెల్లెలు కూతురి పెండ్లి, ముందురోజే బస్సెక్కి పోయింది. ఈ గొడవయినాక నా ఉపవాసం సంగతి కూడా బయటపడింది. అందుకే అందరూ అనుకుంటాండారు, ఆదిలక్ష్మమ్మ లేదు, పూలమ్మకు ఉపవాసం, ఇంగ రుచి ఎవరు సూసింటారు అని.

ఆ లెటరా మీ చేతిలో ఉండేది? నాకు తెలుసు సార్. భీమరావు సారు చదివి వినిపించినాడు. 'భక్తి వల్ల జరిగిన పొరపాటు, ఇకమీదట శుక్రవారం వేరే మనిషి రుచి చూస్తుంది, ఈసారికి మన్నించగలరు' అని. మంచి లెటరు. నా వేలు కూడా పట్టుకున్నంత పని చేసినాడు, "సంతకం పెట్టు పూలమ్మా, వట్టి మెమోతో పోతాది" అని. మా పాస్టరయ్య అయితే ఇంకొకటి. "సహోదరీ, విశ్వాసం కోసం నిందలు పడతాండావు, నువ్వు ధన్యురాలివి, కావాలంటే పదిమందిమి వచ్చి ఆఫీసు ముందర నిలబడతాం" అంటాడు. మదనపల్లె పెద్ద చర్చిలో ఉపవాస కూడిక ఉండాదంట వచ్చే నెలలో, ఆడ నాతో సాక్ష్యం చెప్పించాలని కూడా అనుకుంటాండారు.

నేను సంతకం పెట్టలేదు. ఎందుకని మీరు అడగతాండారు. భీమరావు సారు కూడా అడిగినాడు, చెప్పలేదు.

ఫ్యాను తిరగదు సార్ ఈడ. అట్ట తీసుకోండి, విసురుకోండి.

నేను ఉపవాసం ఎవరి కోసం ఉన్నానో తెలుసా మీకు? మా ఇంటాయన కోసం. మునెప్ప. ఎనిమిదేండ్ల కిందట కుప్పం పక్కన గ్రానైటు క్వారీలో పనికి పోయినాడు. మొదట్లో పదైదు దినాలకొకసారి వచ్చేవాడు, తర్వాత నెలకొకసారి. తర్వాత ఆడనే ప్రమీల అని ఒకామెతో ఉండాడని తెలిసింది. నాకు పిల్లాజెల్లా లేరు. పోయి జుట్టు పట్టుకుందామా అంటే ఆ మనిషిని కాదు నేను. అప్పుడు చర్చిలో ఆడోళ్లు చెప్పినారు, "పూలమ్మక్కా, ఉపవాసం పట్టు, ప్రార్థన చెయ్యి, దేవుడు తిప్పకొస్తాడు" అని.

పట్టినాను.

సాయంత్రం ఐదుకు పదిమందిమి చాప మీద కూర్చుంటాం సార్. ఒకరి మొగుని తాగుడు, ఒకరి కూతురి చదువు, ఒకరి మోకాళ్లు. నా వంతు వస్తే "మునెప్పన్న ఇంటికి రావాల ప్రభువా" అని పదిమందీ ఒక్కసారిగా ఎత్తుకుంటారు. ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లు లేరు. ఊర్లో పలికితే నవ్వేదానికి పలుకుతారు. వారానికి ఒకసారి పదిమంది నోట్లో ఆయప్ప పేరు మర్యాదగా వినపడేది ఆడనే. తర్వాత రాగిజావ పోస్తారు, అందరం కలిసి తాగతాం. నిజం చెప్పాలంటే, వారంలో నేను ఇంకొకరి పక్కన కూర్చుని ఏదన్నా నోట్లో పెట్టుకునేది ఆ ఒక్క పూటే. మిగతా దినాలు సంగటి కెలుక్కుంటాను, ఒక ముద్ద తింటాను, ఒక ముద్ద మిగలతాది. ఒక్కదానికి వండుకునేది ఎట్లనో ఇన్నేండ్లయినా నాకు రాలేదు సార్. ఈడ నలభైమూడు మందికి కొలత తప్పకుండా వండతాను, ఇంట్లో ఒక్కదానికి తప్పతాది.

ఆ శుక్రవారం పొద్దున తలకు నూనె పెట్టుకుంటాంటే ఫోను మోగింది. తెలీని నంబరు.

"అక్కా, నేను ప్రమీలను, కుప్పం నుంచి" అనింది.

నూనె చెయ్యి సార్, ఫోను జారిపోతాండాది. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయమ్మ ఏడ్చుకుంటా చెప్పింది. ఆయప్పకు కామెర్లు వచ్చినాయంట. ఆకుమందు తాగినాడంట, తగ్గలేదంట. పోయి నాలుగు నెలలయింది అనింది. ఆడనే పూడ్చినారంట. "నీ నంబరు నా దగ్గర లేదక్కా, ఆయన సెల్లు పగిలిపోయింటే నిన్న బాగుచేయించినాను, అందులో 'పూల' అని ఉండాది" అనింది.

నేను తిట్టలేదు సార్. ఏమని తిట్టేది? "నువ్వు తిన్నావా" అని అడిగినాను. ఎందుకు అడిగినానో నాకే తెలీదు.

నాలుగు నెలలంటే ఎన్ని శుక్రవారాలు? బస్సుకు నడస్తా లెక్కేసుకున్నాను. పదిహేడు. పదిహేడు శుక్రవారాలు సచ్చిపోయిన మనిషిని కుప్పంలో బస్సెక్కించమని నేను దేవుణ్ణి అడగతాండాను. పస్తుండి, మోకాళ్ల మీద పడి అడగతాండాను. దేవునికి తెలుసు కదా సార్? ఆయనకు తెలీనిది ఉండాదా? ఒక్క మాట చెప్పొచ్చు కదా! కలలోనో, వాక్యంలోనో, "పూలమ్మా, ఇంగ సాలు, లేచి అన్నం తిను" అని! మా పాస్టరయ్యకు పదిమంది బిడ్డల పరీక్ష రిజల్ట్సు చెప్తాడు, నాకు ఈ ఒక్క మాట చెప్పలేదు.

లేదు సార్, నేను ఏడవడం లేదు. తాలింపు ఘాటు.

బడికి వచ్చినాను. పొయ్యి ఎలిగించినాను. పప్పు ఉడికింది, చింతపండు పోసినాను, ఉప్పు ఏసినాను. తర్వాత ఇంకోతూరి ఏసినట్టుండాను. ఏసినట్టు జ్ఞాపకం లేదు. నా చేతులు వాటి పాటికి అవి పని చేస్తాంటే నేను కుప్పంలో ఉండాను, నేనెప్పుడూ సూడని ఆ సమాధి కాడ.

వండడమైంది. గంట కొట్టేదానికి ఇంకా అరగంట ఉండాది. అప్పుడు సార్... ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆయప్ప పోయిన సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు, మీకే మొదట చెప్తాండాను. మీరు నాకు ఏమీ కారు కదా, అందుకేనేమో.

ప్లేటు కడుక్కున్నాను. అన్నం పెట్టుకున్నాను. రెండు గెరిటెల సాంబారు పోసుకున్నాను. ఆ గోడ వెనక కూర్చుని తిన్నాను సార్. శుక్రవారం పూట, పట్టపగలు. ఒక ముద్ద కాదు, ప్లేటు నిండా. అయిపోతే మళ్లీ పెట్టుకున్నాను. తర్వాత చెయ్యి కడుక్కుని లోపలికొచ్చి, రిజిస్టరు తీసి, 'బాగుంది' అని రాసి సంతకం పెట్టినాను.

తర్వాత గంట కొట్టినారు. మొదటి ముద్దకే ఒక మూడో తరగతి పిల్ల ఉమ్మేసింది. నేను పోయి ప్లేటులో వేలు పెట్టి నాలిక మీద ఏసుకుంటే... అబ్బా, సముద్రం! నోట్లో పెట్టుకోలేం. అదే డేక్సా, అదే సాంబారు. నలభైమూడు మంది పిలకాయలు ఆ పొద్దు ఎండు కడుపులతో ఇంటికి పోయినారు. ఆ శుక్రవారం ఉపవాసముండింది వాళ్లు సార్, నేను కాదు.

సాయంత్రం చర్చికి కూడా పోయినాను. సిగ్గు లేకుండా చాప మీద కూర్చున్నాను. నా వంతు వచ్చింది. "మునెప్పన్న ఇంటికి రావాల ప్రభువా" అని పదిమందీ ఎత్తుకున్నారు. ఆపమని అనలేకపోయినాను. ఆపితే ఇంగ ఆ పేరు ఎవరు పలుకుతారు? ఆమెన్ అన్నాను. రాగిజావ పోస్తే తాగినాను.

అందుకే ఆ లెటరు మీద సంతకం పెట్టలేను. ఏడేండ్లు ఆ ఆకలిని దేవుని ముందర పెట్టినాను. ఆయన తీసుకున్నాడో లేదో ఆయనకే తెలియాల. దాన్ని తీసుకొచ్చి ఈ సాంబారుకు అడ్డం పెట్టుకోమంటే నాతో కాదు. ఉద్యోగం తీస్తారా? తీసేయండి సార్. ఆదిలక్ష్మమ్మను మాత్రం ఏమీ అనొద్దండి, ఆ పొద్దు ఆయమ్మ పెండ్లిలో ఉండింది.

ఏం రాయాలో తెలీడం లేదా మీకు? నేను చెప్తాను, రాసుకోండి. వంటమ్మ రుచి సూడలేదని రాయొద్దు, అది అబద్ధం. సూసింది. రెండు ప్లేట్లు సూసింది. బాగుందని ఎందుకు రాసినావని అడిగితే... నాకు బాగుండింది సార్. ఒట్టు. ఏడేండ్లలో అంత కమ్మగా నేను ఎప్పుడూ తినలేదు.