తలనూనె తాగిన సైకిలు

"అమ్మమ్మా, తాతయ్య సైకిలు హాండిలు ఊరికే తిరిగిపోతోంది. చక్రం ఒకవైపు పోతే హాండిలు ఒకవైపు పోతోంది. ఏలూరు తీసుకెళ్ళి షాపులో చూపించనా?"

షాపెందుకే? ఇలా పట్రా. ఆ అరుగు పక్కన నిలబెట్టు. ఆఁ, అలాగ. ఇప్పుడు దానికి ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్యా గట్టిగా నొక్కిపెట్టు. ముందు ఆ చున్నీ తీసి నడుముకి చుట్టుకో, చక్రంలో పడుతుంది. హాండిలు రెండు చేతులా పట్టుకుని తిప్పు. తిరిగిందా? చక్రం కదల్లేదు కదూ? అయితే పైన బోల్టు వదులు. ఉండు, ఇంకోటి కూడా చూద్దాం. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపు. టక్కు టక్కుమంటోందా? లేదూ? అయితే హాండిలు మెడలో ఉండే కప్పులూ, వాటిలో బాల్సూ బాగానే ఉన్నాయి. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. ఒకటే అనుకుని ఎక్కడ పడితే అక్కడ బిగించేస్తారు మనవాళ్ళు.

ఏంటే ఆ నవ్వు? అమ్మమ్మకి పులుసు పెట్టడమే వచ్చనుకున్నావా? ఈ బండి హాండిలు మీ తాతయ్య కంటే నేనే ఎక్కువసార్లు బిగించాను తెలుసా. కూర్చో, చెప్తాను. స్పానరు ఆ పెట్టెలో ఉంటుంది, తర్వాత తీద్దువుగాని. తొందరేం లేదు.

మా అత్తారిది కొల్లేట్లో లంక కదా. నాలుగు వైపులా నీళ్ళే. ఉత్తరం గట్టెక్కితే ఏలూరు దారి, దక్షిణం గట్టెక్కితే మా పుట్టింటి దారి, ముదినేపల్లి అవతల. మీ తాతయ్యేమో తెల్లారగట్ల చేపల బుట్టలు పట్టుకుని ఏలూరు వెళ్ళేవారు. పెళ్ళయిన ఏడాదికి ఈ సైకిలు కొన్నారు. తాడేపల్లిగూడెంలో ఎవరో గుమాస్తాగారికి బదిలీ అయితే, డెబ్భై రూపాయలో... కాదు కాదు, డెబ్భై అడిగాడు, అరవైకి ఇచ్చాడు. అరవై రూపాయలంటే అప్పట్లో ఆషామాషీ ఏంటి? మా ఆడపడుచు గాజులు చేయించుకుందామనుకున్న డబ్బది. ఆవిడ పోయేదాకా ఈ బండిని "నా గాజులు" అనే పిలిచేది. "నా గాజులు బయటే తడుస్తున్నాయి, లోపల పెట్టండి" అనేది. భలే మనిషిలే.

సరే, ఏం చెప్తున్నాను? ఆఁ, దోనె. తాటి దోనె చూశావా నువ్వు? ఎక్కడ చూస్తావులే. తాటిమొద్దు తొలిచి చేసేవారు. మనిషి కూర్చుంటే అటూ ఇటూ జానెడు మిగలదు. అందులో సైకిలు ఎక్కించాలి. చక్రాలు అడుగున ఆనించి నిలబెడితే నిలబడుతుంది, కానీ ఈ హాండిలుంది చూశావూ, అది రెండువైపులా బయటికి చాచుకుని ఉంటుంది. కిక్కిస దుబ్బుల మధ్య పోతుంటే అది గడ్డికి తగులుకుంటుంది. తగులుకుందా, దోనె ఒరిగిపోతుంది. అందుకని మా లంకలో సైకిలున్న ప్రతివాళ్ళూ ఏం చేసేవారంటే, దోనె ఎక్కేముందు ఈ బోల్టు వదులు చేసి, హాండిలుని దోనె పొడుగునా తిప్పేసేవారు. అవతల గట్టెక్కాక మళ్ళీ తిన్నగా తిప్పి బిగించుకోవడం. వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళకి ఏడాదికోసారైనా విప్పుతారో లేదో ఆ బోల్టు. మాకు రోజూ ఇదే పని.

ఇదెలా పట్టుకుంటుందో చూశావా ఎప్పుడైనా? హాండిలు కాడ లోపల పొడుగాటి బోల్టుంటుంది. దాని కింది కొసని కోను. పైన బిగిస్తే కోను పైకెక్కుతుంది, కాడ మూతి విచ్చుకుంటుంది, విచ్చుకుని చక్రం పైనున్న గొట్టాన్ని లోపల్నుంచి పట్టుకుంటుంది. సీసాలో బిరడా పట్టుకున్నట్టు, అంతే. విప్పాలంటే నాలుగు చుట్లు వదులు చేసి, బోల్టు నెత్తిన చెక్క పెట్టి ఒక దెబ్బ కొట్టాలి. కోను కిందకి జారుతుంది. చెక్క పెట్టకుండా కొట్టావంటే బోల్టు తల పాడైపోతుంది, గుర్తుపెట్టుకో.

అయితే ఆ నీళ్ళకీ తేమకీ కాడ తుప్పు పట్టేసేది. మీ తాతయ్య రోజూ దాంతో కుస్తీ. అరచేతులు బొబ్బలెక్కిపోయేవి. అన్నం తింటుంటే కారం తగిలి మొహం అదోలా పెట్టేవారు, పైకి మాత్రం ఏమీ అనేవారు కాదు. నాకు చూడబుద్ధయ్యేది కాదే. పెళ్ళయి ఇంకా రెండేళ్ళు కాలేదు, ఏం చెయ్యాలో తెలీదు. ఒకరోజు ఆయన బోల్టు వదులు చేసి పడవవాణ్ణి పిలవడానికెళ్తే, నేను లోపలికెళ్ళి నా నూనె సీసా తెచ్చాను. మా అమ్మ కాచి ఇచ్చిన తలనూనె. కొబ్బరినూనెలో మెంతులూ గుంటగలగరాకూ మరువం వేసి కాచేది. ఆ వాసనొస్తే మా పుట్టింట్లో ఉన్నట్టే ఉండేది నాకు. అంత అపురూపంగా వాడుకునేదాన్ని. గరిటెడు తీసి కాడ చుట్టూ పోసేశాను. ఆవేళ హాండిలు ఎంత సులువుగా తిరిగిందనుకున్నావ్! ఆయన ఆశ్చర్యపోయారు. నేను మొహం తిప్పుకుని నవ్వుకున్నాను. ఇంక అక్కణ్ణుంచి రెండ్రోజులకోసారి గరిటెడు.

అదే నేను చేసిన పని. ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా తెలీదు.

పదిహేను రోజులయ్యేసరికి హాండిలు జారడం మొదలెట్టింది. ఆయన బిగించేవారు, మళ్ళీ జారేది. ఏలూర్లో కాలవ పక్కన సుబ్బారాయుడు మేస్త్రి అని ఉండేవాడు, అతని చేత రెండుసార్లు బిగింపించారు. మేస్త్రి పైపైన బిగించి పంపేశాడు, విప్పి చూడలేదు. అయినా నేను మాట్లాడలేదు చూశావా. నూనె వల్లనేమోనని మనసులో అనిపిస్తూనే ఉంది. చెప్తే తిడతారని భయం. వయసు పదిహేడు, అదీ సంగతి.

తర్వాత ఏమైందంటే, కాలవ గట్టు మీద మలుపులో ఆయన హాండిలు తిప్పితే హాండిలొక్కటే తిరిగింది. చక్రం తిన్నగా పోయింది. మనిషీ, బండీ, చేపల బుట్టలూ కాలవలో! ఎవరో లాగారు. తల పగిలి, కట్టు కట్టుకుని ఇంటికొచ్చారు. మా మావగారికి ఆయనొక్కడే కొడుకు. మావగారు అరుగు మీద కూర్చుని ఒకటే మాట అన్నారు: "ఆదివారం ఉండి ఊరి నుంచి ఆ చేపల వ్యాపారి వస్తాడు. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. బండి ఇచ్చేస్తున్నాను."

సరిగ్గా అప్పుడే మా పుట్టింటి నుంచి కబురు. మా అమ్మకి కొడుకు పుట్టాడు. నవ్వకే! నా తర్వాత ముగ్గురు పుట్టి పోయారు. మా అమ్మ ఏడ్చి ఏడ్చి ఇంక ఆశ వదులుకుంది. అలాంటిది, వీడు దక్కాడు. ఇరవై ఒకటో రోజు బారసాల, బుధవారం. "అక్క చేతే మొలతాడు కట్టిస్తానని మొక్కుకున్నాను, అమ్మాయిని ఎలాగైనా పంపించండి" అని చెప్పి పంపింది. దసరా వెళ్ళిన రోజులు, దక్షిణం గట్టంతా బురద. ఎడ్లబండి దిగబడిపోతుంది. పన్నెండు మైళ్ళు కోడల్ని నడిపించి పంపడానికి మావగారు ఒప్పుకోరు. సైకిలొక్కటే గట్టు అంచు పట్టుకుని పోతుంది. ఆదివారం అది వెళ్ళిపోతే బుధవారం నేను ఎలా వెళ్ళను? నా చేతులారా నేనే చేసుకున్నాను కదా ఇదంతా. రెండ్రోజులు అన్నం సయించలేదు.

శుక్రవారం పొద్దున్నే మీ తాతయ్య అన్నారు, "నాన్నా, ఒక్కసారి మేస్త్రికి చూపించి, అప్పుడు అమ్ముదాం" అని. "పద, నేనూ వస్తాను, వాడి సంగతేంటో చూస్తాను. డబ్బులు తీసుకుని నా కొడుకుని కాలవలో పడేస్తాడా" అని మావగారు గొడుగు తీశారు. వెండి మొలతాడు కొనుక్కోవాలని చెప్పి నేనూ బయల్దేరాను. దోనె ఎక్కేటప్పుడు చూడాలి, స్పానరు కూడా అక్కర్లేకపోయింది, హాండిలు చేత్తోనే తిరిగిపోయింది. మావగారు "చూశావా, చూశావా" అని దారంతా అంటూనే ఉన్నారు.

షాపు దగ్గర పెద్ద రగడ. మేస్త్రి, "నేను బిగించింది బిగించినట్టే ఉందండీ, మీరే ఏదో చేశారండీ" అంటాడు. మావగారు, "ఏవయ్యా, మేము చేపలు పట్టేవాళ్ళమా, సైకిళ్ళు బాగుచేసేవాళ్ళమా?" అంటారు. చివరికి మేస్త్రికి రోషమొచ్చి, బోల్టు విప్పి, చెక్క పెట్టి ఒక్కటి కొట్టి, హాండిలు మొత్తం పైకి లాగేశాడు.

లాగాడో లేదో, గుప్పున మరువం వాసన! సోడాకొట్టు వాళ్ళు కూడా ఇటు తిరిగారు. మేస్త్రి వేలితో తీసి వాసన చూసి, "ఏవండీ, సైకిలుకి తలంటు పోశారేంటండీ? మరకి చుక్క నూనె వేస్తే మంచిదే, పట్టుకునే చోట గరిటెలు పోస్తే ఇంకేం పట్టుకుంటుందండీ?" అన్నాడు.

మావగారు అటు చూశారు, ఇటు చూశారు. పొద్దున్నే అదే నూనె రాసుకుని జడ వేసుకొచ్చాను నేను. జడ నా వీపు మీదే ఉంది, దాన్నెక్కడ దాచను చెప్పు? నేనే పోశానండీ అందామని నోరు తెరిచాను.

ఈలోగా మీ తాతయ్య, "నేనే పోశాను నాన్నా. కాడ పట్టేస్తోందని, గూట్లో ఉన్న సీసా తీసి పోసేశాను," అన్నారు.

అంతే! మావగారు ఎత్తుకున్నారు. "బుద్ధుందిట్రా నీకు? పెళ్ళాం తలకి రాసుకునే నూనె ఇనుముకి పోస్తావా? చేతులారా కాలవలో పడి, పాపం ఆ మేస్త్రిని తిట్టిస్తావా నాచేత?" నడివీధిలో, నలుగురూ చూస్తుంటే తిట్టారు. ఈయన తలకట్టుతో అలా తలొంచుకుని నిలబడ్డారు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నేను ఏడ్చేస్తానని తెలుసు. నన్ను అంతగా ప్రేమించినవాళ్ళు ఇంకెవరూ లేరే. ఆ క్షణాన తెలిసింది నాకు.

తిట్టడం అయ్యాక మావగారు చల్లబడ్డారు. "అయితే బండికి రోగం లేదన్నమాట, మావాడికే ఉంది. వీణ్ణెవరు కొంటారులే," అని ఆయనే నవ్వేశారు. మేస్త్రి కాడా కోనూ కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. రోజూ విప్పీ విప్పీ బోల్టు మర కూడా అరిగింది, కొత్తది వేశాడు. కాడ మీద ఆకురాయితో ఒక గాటు పెట్టి, "ఈ గాటు దాటి పైకి లాగకండి, లోపల పట్టు చాలదు," అన్నాడు. నేను ధైర్యం చేసి, "ఎలా బిగించాలో నాకూ చూపిస్తారా అండీ" అన్నాను. ఆడపిల్ల అడిగిందేంటని చూశాడు గానీ, చూపించాడు. ఆ మోకాళ్ళ పరీక్ష ఆయన నేర్పిందే.

తిరిగొచ్చేటప్పుడు దోనెలో మావగారు ముందు కూర్చున్నారు, మధ్యలో బండి, ఇవతల మేమిద్దరం. మీ తాతయ్య నా వైపు వంగి, మెల్లిగా, "ఇంక ఆ నూనె నీ తలకే రాసుకో," అన్నారు. ఇంకేమీ అనలేదు, జన్మలో మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దోనె ఊగింది. "కదలకండర్రా, ఈసారి ముగ్గురం పడతాం!" అని మావగారు ఒకటే కేకలు.

బుధవారం నేనే బిగించాను. వెనక కూర్చుని వెళ్ళాను, మొలతాడు కట్టాను. మా అమ్మ నా చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ పిల్లాడే మీ అమ్మ "మావయ్యా" అని పిలిచే బట్టతలాయన. మొన్న వచ్చి నీ చేత మూడు కప్పుల కాఫీ పెట్టించుకోలేదూ? ఆయనే.

సరే, ఆ స్పానరు తీసుకో. వదులు చెయ్యి, చాలు. చెక్క పెట్టి కొట్టు. గట్టిగా కొట్టవే, అన్నం తినలేదా? ఆఁ, జారింది. పైకి లాగు. గాటు కనిపించిందా? అదే, సుబ్బారాయుడు మేస్త్రి పెట్టింది. పొడిగుడ్డతో తుడువు. ఏదీ, ఒక్కసారి వాసన చూడు. ఏమొస్తోంది? తుప్పు వాసనేనా? సరేలే, ఇటివ్వు.

...

నీ ముక్కు బాగాలేదు. నాకు వస్తోంది.

ఇంక దించి బిగించు, చక్రం మోకాళ్ళ మధ్య పెట్టుకుని చూడు. గట్టిగా ఉందా? వెళ్ళిరా తల్లీ. నీ హాండిలు నీ మాట వినాలి, నువ్వు పొరపాటు చేసినరోజున పక్కనుండి "నేనే" అనే మనిషి నీకు దొరకాలి. స్పానరు మాత్రం తెచ్చి నా చేతికే ఇవ్వు, ఎక్కడో పడేస్తావు.