ఉపేక్ష

తెలంగాణ ఉద్యమం రోజులు. కోరుట్ల దగ్గర నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు. జీపు ఆగిపోవడంతో సరిత, అనూష ఒక లారీ నీడలో కూర్చున్నారు. ఇద్దరూ ఆత్మహత్యలు జరిగిన ఇళ్లకు వెళ్లి ధైర్యం చెప్పే కౌన్సిలర్లు.

"మళ్ల మోగుతుంది. ఎత్తవా?"

"మోగనీ సరితక్కా. గదే ఆగుతది."

"ఎవలు?"

"ఎవలో. ఫోన్ కంపెనోళ్లు కావచ్చు. పాట పెట్టుకొమ్మంటరు గద."

"కంపెనోళ్ల పేరు కిష్టవ్వ అని పడుతదా?"

"నువ్వెందుకు సూసినవు?"

"నా మొకం ముందల పెట్టుకున్నవు గావట్టి. మేడిపల్లి కిష్టవ్వనే గదా? కొడుకు తెలంగాణ కోసమని పానం తీసుకున్నడు..."

"ఆ. ఆమెనే."

"ఎప్పటిసంది ఎత్తుతలేవు?"

"అక్కా, అగో, రోడ్డు మీద కబడ్డి ఆడుతున్నరు. ఆ పెద్దమనిషి ధోతి సూడు, ఊడేటట్టున్నది."

"ఊడనీ. నేనడిగింది చెప్పు అనూషా."

"పోయినసారి వాళ్లింటికి పోయొచ్చినప్పటిసంది."

"సరే. కండ్లు మూసుకో."

"ఇక్కడనా? ఎండకు తల తిరిగిందనుకుంటరు."

"అనుకోనీ. విపశ్యన క్యాంపుల మాకు గిదే నేర్పిన్రు. ఊపిరి లోపటికి పోతది, బయటికస్తది. గంతే సూడు. ఆపకు, గుంజకు."

"సూస్తున్న."

"ఏం తెలుస్తుంది?"

"పప్పుల పోపు ఏసిన్రు."

"అదీ మంచిదే. ఇగ లోపట అనుకో, నేను సుఖంగ ఉండాలె, గా తల్లి సుఖంగ ఉండాలె అని. దీన్ని మైత్రి అంటరు. మా నాయిన బుద్ధుని ఫొటో ముందల కూసొని రోజు గిదే చేస్తడు. నడుమల చాయ గూడ తాగుతడనుకో."

"నేననుకోను."

"ఏది?"

"నేను సుఖంగ ఉండాలె అని. గామె గట్లుంటే నేనెట్ల అనుకోవాలె?"

"గందుకే నువ్వు సగం పానమైనవు. మన పనికి కరుణ ఒక్కటే సాలదు అనూషా. ఉపేక్ష గూడ ఉండాలె."

"ఉపేక్ష అంటే పట్టించుకోకపోవుడే గదా? గది నేను బాగనే చేస్తున్న, ఫోన్ ఎత్తకుండ."

"గట్ల మనం ఖరాబు చేసినం ఆ మాటను. బుద్ధుడు చెప్పింది వేరే. వాళ్ల పక్కన కూసో. దుఃఖం వాళ్లది, నువ్వు మూట గట్టుకొని తేలేవు. లేసి ఉరకకు, అండ్ల మునగకు."

"నేను రెండూ చేసిన."

"ఎట్ల?"

"గామె కొడుకు చెప్పులు గడప కాడ గట్లనే ఉన్నయి. సూసిన, ఇగ ఆగలె. గామె ముందల ఎక్కెక్కి ఏడ్చిన. ధైర్యం చెప్ప పోయిన నేను. గామెనే నీళ్లు తెచ్చి నా మొకం కడిగింది. గామె కండ్లల్ల సుక్క లేదు. సిగ్గయి ఉరికచ్చిన."

"నాకు చెప్పద్దా?"

"ఏమని చెప్పాలె? ఈ నౌకరి నాతోని కాదక్కా. బందు పెడుదామనుకుంటున్న."

"నేను సిరిసిల్లల పానం తీసుకున్న ఒక బట్ట నేసే సాంచల కార్మికుని ఇంట్ల ఏడ్చిన. వాళ్లే నన్ను ఆటో ఎక్కించిన్రు. గా తర్వాతనే క్యాంపుకు పోయిన."

"నువ్వా?"

"నేనే. అగో, మళ్ల మోగుతుంది."

"ఏమని తిడుతదో."

"తిడితే విను. ఊపిరి మర్చిపోకు, నేనిక్కడనే ఉన్న. స్పీకర్ పెట్టు."

"హలో... అవ్వా, నేను అనూషను."

"ఎత్తినవా బిడ్డా. నీకేమన్నయిందేమో అని బుగులైంది."

"బాగనే ఉన్న కిష్టవ్వా. మొన్న మీ ఇంట్ల గట్ల ఏడ్చి... తప్పయింది."

"తప్పేంది బిడ్డా. కొడుకును సాగనంపిన్నాడు గూడ నాకు ఏడుపు రాలె. బండ లెక్క అయిన. నువ్వు పోయినంక గోడకు ఒరిగి కడుపునిండ ఏడ్చిన. గది చెప్దామనే చేస్తున్న, నువ్వేమో ఎత్తుతలేవు."