లివర్ మీద చెయ్యి

చెయ్యి తియ్యి బావా. లివర్ మీదికెల్లి చెయ్యి తియ్యి ముందుగాల. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? నేను ట్రాక్టర్ ఎనుక కంప కొట్టే కట్టర్ కింద పండుకున్నప్పుడు నువ్వు సీటు మీద కూసోవద్దు. కిందికి దిగు. దిగి టైరు పక్కకు నిలవడు. నీ కాళ్లు నాకు కనవడాలె, గంతే.

ఆఁ, గట్ల. ఆ చెప్పులు గాడనే ఉండనీ.

పొద్దుగాల లొల్లి పెట్టుకున్నమని మూతి ముడుసుకున్నవ్, ముడుసుకో. నాతోని మాట్లాడకు. గని చెవులన్న తెరిసిపెట్టు, అడిగింది అందియ్యి. పానా ఇటియ్యి. చిన్నది కాదే, పెద్ద పానా! నెత్తి మీద టన్ను ఇనుము పెట్టుకొని పండిన మనిషికి చిన్న పానా ఇస్తవా?

చూసినవా బ్లేడు ఎట్ల వంగిందో? గంత మందం పట్టీ, అప్పడం లెక్క లేసింది. యాంగిల్ తగిలింది మరి. పోయినేడు ఈ ప్లాటుల ఎవలో కోట సెట్ ఏసిండ్రట. పిక్చర్ అయిపోంగనే గోడలు కూలగొట్టిండ్రు, పనికొచ్చేది ఎత్తుకపోయిండ్రు, ఇనుప యాంగిళ్లు మాత్రం భూమిలనే ఇడిసిపెట్టిండ్రు. దాని మీద గడ్డి మొల్సింది, కంప మొల్సింది. మనకేం ఎరుక? మనం కట్టర్ తిప్పుకుంట వచ్చినం, ధనేల్మని తగిలింది.

ఇప్పుడు గీడనే ఊరి సెట్ ఏస్తరట. అవును మరి, షేక్‌పేటల మన ఊరంత అపార్టుమెంట్లయిపాయె, ఇగ ఊరు జూడాలంటె ఫిల్మ్ నగర్ గుట్ట మీద అట్టలతోని కట్టుకోవాల్సిందే. ఆ ప్రొడక్షన్ మేనేజర్ సుబ్రహ్మణ్యం సారు నాతోని ఏమన్నడు? "మధ్యాహ్నానికల్లా నేల నున్నగా అయిపోవాలయ్యా జగదీశ్, ఆర్ట్ డైరెక్టర్ గారు వస్తారు" అన్నడు. అని కారెక్కి పోయిండు. మల్ల మనిషి లేడు, మాట లేదు.

కిరసనాయిలు పోసిన. జర నాననీ. తుప్పు పట్టి నట్టు బోల్టు ఒక్కటైపోయినయ్. ఊఁ... హుఁ... ఆఁ! కదిలింది. కదిలింది బావా. పట్టుకో, ఈ వంగిన బ్లేడు బయటికి గుంజు. చెయ్యి కోసుకునేవ్, పదును దిక్కు పట్టకు.

ఇగ రెండోది. మంచిగనే ఉన్నది గదా, ఎందుకంటవా? నీకు తెల్వనిదా? ఒక్కదాన్నే సాపు చేసి నూరిపిస్తె బరువు తేడా వస్తది, కట్టర్ మొత్తం వణుకుతది. రెండు తియ్యాలె, రెండు ఎర్రగడ్డకు తీస్కపోయి ఒక్కతీరు నూరియ్యాలె. జంట బ్లేడ్లు. మనిద్దరి లెక్కనే, ఒక్కటి అటు ఇటైనా బండి నడువది.

నవ్వద్దా? సరే, నవ్వకు.

నేనేమన్న తప్పు మాట అన్ననా చెప్పు. ట్రాక్టర్ అమ్ముదామన్న. అమ్మి సుమో కొందామన్న. హైటెక్ సిటీల కంపెనీలోళ్లు పొద్దుమాపు బండ్లు కావాలె, బండ్లు కావాలె అని మొత్తుకుంటున్నరు. దున్నెతందుకు మనకు భూమేడిది? చెలకలన్ని అద్దాల బిల్డింగులైనయ్. ఈ కంప కొట్టుడు, ఈ సెట్లోళ్ల వెనుక తిరుగుడు ఎన్నాళ్లు?

దానికి నువ్వేమన్నవ్? గల్లీ అంత ఇనంగ, మా అక్క ముంగట? "నువ్వు అడ్డం లేకుంటె నా బండి నేను నడుపుకుంటుంటి" అన్నవ్. అక్క చేతుల చాయ్ కప్పు గట్లనే ఉన్నది, తాగలే, కింద పెట్టలే. నేనేమన్న పరాయోన్నా బావా? సగం బండి నాది కాదా?

ఇగో, మాటలల్ల పడి... కంట్ల ఏందో పడ్డది. దుమ్ము. తెల్లగున్నది. సున్నమా?

బావా.

నడుమ మొద్దులు పెట్టినవ్ గదా? కట్టర్ కింద రోజు పెట్టే చింత మొద్దులు. పెట్టమన్న గదా నేను పండేముందు.

ఏంది? మొద్దులు తేలేదా? నేనేసిన్ననుకున్నవా ట్రాలీల? నువ్వేసినవనుకున్న నేను! పొద్దుగాల లొల్లిల... ఆఁ సరే. మరి దీని కింద ఏం పెట్టినవ్ నువ్వు? బండలా? ఏడియి? గా గోడ పక్కకు పడున్నయా?

ఉండు. ఉండు, జరుగకు. గోటితోని గీరి చూస్త.

బావా, ఇవి బండలు కావు. ఇవి సెట్ బండలు! పైన రంగు, లోపల సున్నం, దాని లోపల తెర్మకోల్! కోట బండలు! గింత పెద్ద గుట్టల, ఇంటింటికి బండలు పేలుస్తున్న ఈ జూబ్లీహిల్స్‌ల, నీకు అసలు బండ ఒక్కటి దొర్కలేదా?

ఏయ్! లేవట్టకు! చెయ్యి పెట్టకు దానికి! ఊగుతున్నది. ఒక్కటి పగిలింది, చప్పుడైంది, ఇన్నవా? కట్టర్ కిందికి దిగుతున్నది. కట్టర్‌ను లేపే లిఫ్టు సీళ్లు పోయినయ్, ఇంజిన్ బంద్ ఉంటె మెల్లమెల్లగ దిగుతది, నీకెరుకే. ఇన్ని రోజులు మొద్దులు ఆపినయ్. ఇప్పుడు దాన్ని ఆపేటిదేం లేదు.

రాలేకపోతున్న. అంచు కడుపు మీదికొచ్చింది. అటు జరుగుతలేను, ఇటు జరుగుతలేను. ఆ రెండో బ్లేడు కొస నా చెవు కాడ ఉన్నది.

ఇను. మెల్లగ ఇను. నేనేం అరుస్తలేను సూడు. నువ్వు సీటు మీదికెక్కాలె. ఎడమ దిక్కు చిన్న లివర్ ఉంటది గదా, కట్టర్‌ను తిప్పే పీటీఓది, దాన్ని చూడు. యాంగిల్ తగిలినప్పుడు ఇంజిన్ బంద్ జేసిన గని, అది తీసిన్నో లేదో నాకు యాదికొస్తలేదు. అది ఏసి ఉండంగ ఇంజిన్ స్టార్ట్ చేసినవనుకో, ఈ బ్లేడు తిరుగుతది. తిరిగితె నా మెడనే. ముందుగాల అది తియ్యి. తీసినంకనే తాళం తిప్పు. తిప్పి, లిఫ్టు లివర్ నీ దిక్కు గుంజు. ముందుకు నూకకు. ముందుకు నూకితె...

నీకు తెల్వనిది కాదు. నాకంటె ముందు నడిపినోనివి. నీకు తెల్వదని కాదు చెప్పుడు.

బావా? ఏడికి పోతున్నవ్? నీ కాళ్లేయి? బావా!

బాలనర్సయ్య బావా!

ఎవలన్న ఉన్నరా? ఓ వాచ్‌మనూ! ఎవ్వల్లేరు. గోడ అవుతల ఏదో మిక్సర్ నడుస్తున్నది, ఎవనికినవడతది?

పోయిండు. ఇడిసిపెట్టి పోయిండు. నువ్వు అడ్డం లేకుంటె అన్నడు. గల్లీ అంత ఇన్నది. ఎవ్వలన్న అడిగితె ఏమంటడు? బండ పగిలింది సారూ, సెట్ బండ, నాకేం ఎరుక అంటడు. అబద్ధం గూడ కాదు. అక్క ఏడుస్తది. ఏడిసి ఏం జేస్తది? అన్నం ఆయనకే పెట్టాలె మల్ల.

ఊపిరి... ఊపిరి పూర్తిగ తీస్కోవస్తలేదు. ఎదకు ఆనింది.

ఎవలది ఆ చప్పుడు? బావా, నువ్వేనా? ఏందది దొర్లిస్తున్నవ్? అసలు బండా? గట్టి బండనేనా? కొట్టు, దేనితోనన్న కొట్టి చూడు. ఆఁ. ఆఁ, అది బండ చప్పుడు. నూకు, అంచు కిందికి నూకు. ఇంక. ఇంక జర. ఆగింది! ఆగింది బావా. ఇంకోటి ఆ దిక్కు పెట్టు.

ఇప్పుడెక్కు సీటు మీదికి. పీటీఓ ఏసే ఉన్నదా? తీసినవా? నిజంగ తీసినవా? మంచోనివి బావా, మా బావ బంగారం. నువ్వు చెప్పినట్టే ఇంట. ట్రాక్టర్ అమ్మద్దన్నవ్ గదా, అమ్మం. అమ్మనే అమ్మం. తాళం తిప్పు మెల్లగ. నీ దిక్కు గుంజు బావా, నీ దిక్కు...

లేసింది. లేసింది. ఆపు. గంతే ఉంచు. వస్తున్న.

బంద్ చెయ్యి ఇంజిన్. నీళ్లున్నయా?

గట్ల సూడకు నా దిక్కు. ఏం కాలే. కడుపు మీద గీరుకపోయింది, గంతే. నీ చేతులు సూపియ్యి. సూపియ్యి అంటున్న. నెత్తురేంది? గోరు లేసిపోయింది గదనే! ఏడికెల్లి దొర్లించుకొచ్చినవ్ గంత పెద్ద బండను? వాళ్లు గుట్ట పేల్చిన కాడికెల్లా? గంత దూరం ఉర్కినవా?

మరి ఒక్క మాట చెప్పి ఉర్కద్దా! "బండ తెస్త" అనరాదా నోటితోని? లొల్లైతే మాత్రం, గా గడియల గూడ పంతమేనా?

అనలేకపోయినవా. నోరు రాలేదా. సరే. సరే, ఏడువకు. పెద్దోనివి.

ఏం జేస్తున్నవ్? పానా ఎందుకు తీస్కున్నవ్? నువ్వు పోతవా కిందికి? వద్దు బావా, రెండో బ్లేడు నేనే తీస్త, జర దమ్ము పట్టనీ. నీకు నడుము నొస్తది. ఇంటలేడు సూడు. సరే, పో. బండలు గట్టిగున్నయా? రెండుదిక్కుల నూకి చూసిన నేను, గుట్ట లెక్కున్నయ్. ఏం ఫికర్ లేదు. కిరసనాయిలు పోసే ఉన్నది. తుప్పెక్కిన నట్టు అది, మెల్లగ తిప్పు.

నేను సీటు మీద కూసుంట.

...

బావా, ఇనవడుతుందా?

నీకు ఒక్క మాట చెప్పాలె. నువ్వు బయటికొచ్చినంక నీ మొఖం చూసి చెప్పలేను, అందుకే ఇప్పుడే చెప్తున్న. నీ కాళ్లు కనవడకపోయినప్పుడు, నేను నిన్ను దొంగనుకున్న. సంపుతున్నవనుకున్న. లిఫ్టు గుంజినప్పుడు బంగారం అన్నది ప్రేమతోని గాదు, భయంతోని. అమ్మద్దు అన్నది గూడ గంతే. నువ్వేమో గోర్లు ఊడంగ బండ దొర్లిస్తున్నవ్.

అదొక్కటే అయితే చెప్పకపోదును.

ఇప్పుడు నువ్వు కిందున్నవ్, నేను సీటు మీదున్న. చుట్టు ఎవ్వలు లేరు. ఊకె గట్ల కూసొని లివర్ మీద చెయ్యేసిన, అలవాటు తోని. ఏసినంక నాకు ఏం యాదికొచ్చిందో ఎరుకేనా? సుమో. తెల్ల సుమో, కంపెనీ బోర్డు పెట్టుకొని మన గల్లీల తిరుగుతున్నట్టు. అడ్డం చెప్పేటోడు లేనట్టు.

బండలున్నయ్, ఏం కాదు. నాకు తెల్సు ఏం కాదని. లివర్ నూకినా దిగదు. అయినా వచ్చింది బావా, ఆ బొమ్మ. పొద్దుగాల నువ్వన్న మాట నీ నోట్లకెల్లి వచ్చింది గని, అది నాలోపల గూడ ఉన్నట్టే ఉన్నది.

చెయ్యి తీసిన. తీసినంకనే చెప్తున్న నీకు.

పానా చప్పుడు ఎందుకు ఆగింది? భయపడకు. అయ్యో, నువ్వు బయటికి రాకు గట్ల అడ్డదిడ్డంగ, నెత్తికి తాకుతది. ఉండు, నేనే దిగుతున్న. ఇగో తాళం చెవి, నీ పక్కకు ఇసిరేస్తున్న, అంది పట్టుకో. దొర్కిందా? జేబుల పెట్టుకో. బండి అమ్ముదమో ఉంచుకుందమో ఇంటికి పోయినంక అక్క చెప్తది, ఆమె ఎట్లంటె అట్ల.

ఇగో, టైరు పక్కకు నిలవడ్డ. నా చెప్పులు కనవడుతున్నయా నీకు?

గాడనే ఉంటయ్. నట్టు తిప్పుకుంట గూడ, వాటి మీద ఒక కన్నుంచు బావా.